మొదటి పేజీకే పోయిన తమ్ముడు

ఏడాది చివర వచ్చేసరికి నాకో జబ్బు పట్టుకుంటుంది. వచ్చే ఏడాది రాబోయే ఫాంటసీ నవలలేమిటి, ప్రేమకథ కలిపిన ఫాంటసీలు, అదే రొమాంటసీలేమిటి అని జాబితాలు చదవడం, చదివి ఊరుకోకుండా నాదంటూ ఒకటి రాసుకోవడం, రాసుకుని ఊరుకోకుండా అర్ధరాత్రి నిద్రమత్తులో ప్రీ ఆర్డర్లు పెట్టేయడం. ప్రీ ఆర్డర్లన్నీ మొదటి వారం అమ్మకాల లెక్కలోకి వెళ్తాయి కాబట్టి రచయితలు ముందే కొనమని బతిమాలుతుంటారు. దాంతో నాకు బటన్ నొక్కిన ప్రతిసారీ ఏదో సాహిత్యసేవ చేసినట్టుంటుంది.

ఈసారి జాబితాలో పద్నాలుగు తేలాయి. చిక్కంతా పేర్లతోనే. 2015లో సారా జె. మాస్ ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ వచ్చి ఆడింది, ఆ తర్వాత ఎవరి పుస్తకం చూసినా ‘ఫలానాదీ ఫలానాదీ గల ఫలానా’ అనే వరస. కిరీటం, నెత్తురు, నీడ, బూడిద, ముల్లు. ఈ అయిదు మాటలూ డబ్బాలో వేసి కుదిపితే పద్నాలుగు పేర్లు రాలతాయి. నేను నోటుబుక్కులో ‘ముల్లు, నీడ, మంగళవారం’ అని రాసుకున్నాను. మంగళవారం ఎందుకంటే అమెరికాలో కొత్త పుస్తకాలు ఎక్కువగా ఆ రోజే విడుదలవుతాయి. ఏ ముల్లు, ఎవరి నీడ అన్నది మాత్రం రాసుకోలేదు.

అలా ఆర్డర్ పెట్టిన ఒక పుస్తకం విడుదల తేదీ రెండుసార్లు వాయిదా పడింది. అదేమంత కష్టమనిపించలేదు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రాసిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ సిరీస్‌లో అయిదో భాగం 2011లో వస్తే, ఆరోదాని కోసం జనం ఒక పుష్కరం దాటి ఎదురుచూశారు, నాదెంత.

పుస్తకం వచ్చింది. ఎంత బాగుందంటే, అట్ట మీద బంగారు ముళ్ళు, పేజీల అంచులకు ముదురు ఊదారంగు, లోపల మడత విప్పితే మ్యాప్. మ్యాప్‌లో ఉత్తరాన ఒక నగరం పేరు పక్కన ‘శిథిలాలు’ అని ఉంది. ఆహా, ప్రాచీన నాగరికత అనుకున్నాను. ముందు పేజీల్లో ఆ రచయిత్రి ఇతర పుస్తకాల వరస ఉంటుంది చూశారా, అది ఎవరైనా చదువుతారా? నేనూ చదవలేదు. అట్ట మీద నంబరు వేయకపోవడం నా తప్పు కాదు కదా.

మొదటి పేజీలోనే హీరో తమ్ముడి చితి. అందరూ ఏడుస్తున్నారు. ఆ తమ్ముడెవరో, ఎలా పోయాడో ఒక్క ముక్క చెప్పలేదు. ఏం ధైర్యం ఈవిడది, పాఠకుణ్ణి ఎంత నమ్మింది అని మురిసిపోయాను. శత్రువులు ప్రేమికులయ్యే కథని విని కొన్నాను కానీ, మూడో పేజీకే వాళ్ళిద్దరూ పదేళ్ళ కాపురం చేసినవాళ్ళలా దీపం ఎవరు ఆర్పాలని పోట్లాడుకుంటున్నారు. శత్రుత్వం అంటే ఇదే కాబోలు అనుకున్నాను. ఒక డ్రాగన్ వచ్చి ‘ఎప్పటిలాగే’ అలిగి వెళ్ళిపోయింది. నూట యాభై పేజీలు, ఇరవై మూడు పేర్లు, ఎవరికెవరు ఏమవుతారో నోటుబుక్కులో వంశవృక్షం. రామాయణాన్ని యుద్ధకాండతో మొదలుపెట్టి, ఈ సీతెవరో భలే మర్మంగా దాచాడే వాల్మీకి అని మెచ్చుకున్నట్టన్నమాట.

పట్టలేక అక్కకి ఫోన్ చేశాను. తను కూడా ఇవే చదువుతుంది, కాకపోతే నాలా ఎగబడదు, నింపాదిగా వరసలో చదువుతుంది.

“అక్కా, ఎంత కొత్తగా రాసిందో తెలుసా, కథ మొదలవ్వగానే హీరో తమ్ముణ్ణి చంపేసింది!”

అవతల చప్పుడు లేదు.

“ఆ గిరజాల జుట్టు కుర్రాడా?” అంది కాసేపటికి.

“అవును! నీకెలా తెలుసు? ఉత్తరాన నగరం కూడా శిథిలాలే పాపం.”

“నగరం కూడానా!” అని ఒక కేక. “ఏమే, నువ్వు చదివేది మూడో భాగమే మొద్దూ. నేనిప్పుడే రెండోది సగంలో ఉన్నాను. ఆ కుర్రాడు ఆ నగరానికే బయల్దేరాడు, పెళ్ళి చేసుకుందామని!”

నాకు నోట మాట రాలేదు. నా తెలివితక్కువతనానికి నేనొక్కదాన్ని బలైతే సర్దుకోవచ్చు, అక్కని కూడా లాక్కుపోయాను. ‘ఓనిక్స్ స్టార్మ్’ అని ఇంకో సిరీస్‌లో మూడో భాగం 2025 జనవరి 21న వచ్చి మొదటి వారంలోనే 27 లక్షల కాపీలు అమ్ముడుపోయింది, ఆ 27 లక్షల మందిలో నాలాంటివాళ్ళు ఒక్కరైనా ఉండకపోతారా అని అక్కతో అన్నాను. ఉంటే వాళ్ళక్కలకు ఫోన్ చేసి ఉండరులే అని పెట్టేసింది.

పావుగంటకి మెసేజ్ వచ్చింది: ‘డ్రాగన్‌కి ఏమీ కాలేదు కదా?’ వెంటనే ఇంకోటి: ‘చెప్పకు.’ ఆ వెంటనే: ‘ఒక్క మాటలో చెప్పు.’ అలిగిందని చెప్పాను.

బుద్ధిగా మొదటి భాగం తెప్పించి మొదలుపెట్టాను. రెండో పేజీలోనే ఆ గిరజాల కుర్రాడు నవ్వుతూ గుర్రం దిగి, “నాకేమవుతుందమ్మా, నిండా నూరేళ్ళు బతుకుతాను” అన్నాడు. పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను.

నాలుగో భాగం తేదీ ప్రకటించారు, మంగళవారమే. ఈసారి అక్క నాకంటే ముందు ఆర్డర్ పెట్టింది. అది చదివి ముగించేదాకా నా నంబరు బ్లాక్‌లో ఉంటుందని కూడా ముందే చెప్పింది.