శుక్రవారం బయల్దేరి సోమవారానికి హిమాలయ శిఖరం ఎక్కి రాలేరు

ఎండలు ముదిరాయంటే చాలు, ఆ మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. కాలేజీ దోస్తుల గ్రూపులో వచ్చింది, కాలనీ గ్రూపులో వచ్చింది, చివరికి మా బావమరిది కూడా పంపాడు. "ఈ సమ్మర్ వీకెండ్‌కి గుట్టలు కాదు, హిమాలయ శిఖరం!" అని పైన పెద్ద అక్షరాలు. కింద పాయింట్లు. శుక్రవారం బయల్దేరితే సోమవారం డ్యూటీకి వచ్చేయొచ్చట. అమెరికాలో దోస్తులు శని, ఆదివారాల్లో 14 వేల అడుగుల శిఖరాలు ఎక్కుతున్నారట. మన గుట్టలెక్కిన కాళ్లకు వేరే అలవాటు అక్కర్లేదట. వేసవిలో అక్కడ ప్రమాదమే ఉండదట. తలనొప్పి వస్తే గోలీ వేసుకుని, కర్పూరం వాసన చూసి, ఎవరికీ చెప్పకుండా నడవాలట. చలికి రెండు పెగ్గులు చాలట. మన తెలంగాణ అమ్మాయి పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది కదా అని ఒక సవాలు. టూర్ గ్రూపులు, గైడ్లు వద్దు, దోస్తులతోనే వెళ్లమని చివర ఒక సలహా. పంపుతున్నవాళ్లంతా నాకు కావాల్సినవాళ్లే, అందుకే ఊరుకోలేకపోతున్నాను.

మొదటిది తేల్చడానికి రైల్వే టైమ్ టేబుల్ చాలు. కాజీపేట నుంచి ఢిల్లీకి రైల్లో దాదాపు ఒక రోజు. అక్కడి నుంచి మనాలీ 500 కిలోమీటర్లు దాటి ఉంటుంది, బస్సులో ఒక రాత్రంతా పడుతుంది. అంటే ఆదివారం పొద్దున మనాలీలో టీ తాగుతుంటారు, సోమవారం డ్యూటీ హనుమకొండలో. విమానంలో లేహ్ వెళ్తామంటారా? వరంగల్ ఎత్తు సుమారు 300 మీటర్లు, లేహ్ 3,500 మీటర్లు. దిగాక ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటానికి కనీసం 48 గంటలు విశ్రాంతి తీసుకోమని అక్కడి అధికారులే చెప్తారు. వీకెండ్ మొత్తం హోటల్ గదిలోనే అయిపోతుంది.

అమెరికా మాట నిజమే. కొలరాడోలో చాలామంది అలాగే ఎక్కుతారు. కానీ అక్కడి డెన్వర్ నగరమే 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. వాళ్లు పుట్టి పెరిగేది, ఉద్యోగం చేసేది ఆ గాలిలో. కారు 3,000 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. చీకటితో నడక మొదలుపెట్టి, మధ్యాహ్నం పిడుగులు పడేలోపే శిఖరం దిగేస్తారు, రాత్రికి ఇంట్లో పడుకుంటారు. ఎత్తైన చోట ఒంటికి ఆక్సిజన్ చాలక వచ్చే ఎత్తు జబ్బు లక్షణాలు సాధారణంగా పైకి చేరిన 6 నుంచి 12 గంటల తర్వాత మొదలవుతాయి. వాళ్లు అంతసేపు పైన ఉండరు. మీరు పైనే టెంట్ వేసుకుని పడుకోబోతున్నారు. "మేం వెళ్లాం, ఏమీ కాలేదు" అని పైనుంచి వీడియో పెట్టేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి, రాత్రి ఇంకా ఉంది.

పాండవుల గుట్ట, రామగిరి ఖిల్లా ఎక్కితే కాళ్లు, దమ్ము గట్టిపడతాయి, సంతోషం. ఎక్కండి, ఎండాకాలంలో మాత్రం తెల్లవారుజామున ఎక్కి ఎండ ముదిరేలోపు దిగండి. కానీ తెలంగాణలో అన్నిటికన్నా ఎత్తైన డోలిగుట్టే 965 మీటర్లు. ఎత్తు జబ్బు మొదలయ్యేది సుమారు 2,500 మీటర్ల పైన. ఫిట్‌నెస్ దాన్ని ఆపదు. పైగా దమ్మున్న కుర్రాళ్లే తొందరగా పైకి పోయి ముందు పడిపోతుంటారు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. మనాలీ దగ్గరి ఫ్రెండ్‌షిప్ పీక్ 5,289 మీటర్లు. లెక్క మీరే వేసుకోండి.

వేసవిలో ప్రమాదం లేదా? 2024 జూన్ మొదట్లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో మంచు తుఫానులో చిక్కుకుని, ఎక్కువగా కర్ణాటకవాళ్లే ఉన్న 22 మంది బృందంలో 9 మంది చనిపోయారు. జూన్ నెలలో.

పెగ్గుల గురించి రెండు మాటలు చాలు. మందు తాగితే వేడి చర్మం మీదికి వచ్చి బయటికి పోతుంది, లోపల ఒళ్లు చల్లబడుతుంది. నిద్రలో ఊపిరి ఇంకా మందగిస్తుంది.

ఇక తలనొప్పి పాయింట్. ఇది రాసినవాడికి మనుషుల ప్రాణాలంటే లెక్కుందా? పైన గాలిలో కూడా ఆక్సిజన్ వాటా ఇక్కడున్నట్టే 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. 5,300 మీటర్ల దగ్గర అది సముద్ర మట్టంలో ఉన్నదాంట్లో దాదాపు సగమే. అందుకే ప్రతి ఊపిరికీ లోపలికి పోయే ఆక్సిజన్ తగ్గుతుంది. కర్పూరం ముక్కులో చల్లగా తగిలి ఊపిరి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, అంతే. రక్తంలో ఆక్సిజన్ పెరగదు. 2021లో కరోనా టైంలో కూడా కర్పూరం, వాము మూట కట్టి వాసన చూడమని ఇలాగే తిప్పారు. ఎందరు దాన్ని నమ్ముకుని ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్లారో ఆలోచించండి!

గోలీతో తలనొప్పి తగ్గొచ్చు, జబ్బు తగ్గదు. ఎత్తులో వచ్చిన తలనొప్పిని, వేరే కారణం తేలేదాకా, ఎత్తు జబ్బుగానే చూడాలి. అక్కడే ఆగాలి. తగ్గితేనే పైకి, ముదిరితే కిందికి. అలా కాకుండా నడిస్తే మెదడు వాస్తుంది, మనిషి తాగినవాడిలా తూలుతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు. లేదా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, కూర్చున్నా ఆయాసం, దగ్గు, ముదిరితే గులాబీ రంగు నురగ. ఆ దశలో గంటలు గడిస్తే ప్రాణం పోతుంది. ఇలాంటిదాన్ని ఎవరికీ చెప్పకుండా దాచుకోమంటారా? "నీవల్ల ట్రిప్ పాడైంది" అంటారన్న భయంతో ఒక పిల్లాడు నోరు మూసుకుంటే, వాళ్లమ్మకు జవాబు ఎవరు చెప్తారు? డైమాక్స్ గోలీ ఎత్తుకు అలవాటు పడటానికి సాయం చేస్తుంది, అదీ డాక్టర్‌ను అడిగి వేసుకోవాలి. ఏ గోలీ వేసుకున్నా అసలు మందు కిందికి దిగడమే.

పూర్ణ పేరు వాడుకోవడం మాత్రం నాకు చాలా బాధ కలిగించింది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి, గురుకులంలో చదువుకుంటూ వచ్చిన అమ్మాయి. భువనగిరి రాళ్ల మీద నేర్చుకుంది, డార్జిలింగ్‌లో శిక్షణ పొందింది, లద్దాఖ్ చలిలో సాధన చేసింది. ఖమ్మం కుర్రాడు ఆనంద్‌కుమార్‌తో కలిసి 2014 మే 25న శిఖరం చేరింది. ఆ ఒక్క యాత్రే వారాల తరబడి సాగింది. ఇన్ని నెలల కష్టాన్ని మీ వీకెండ్‌కి సర్టిఫికెట్‌గా వాడుకుంటారా?

చివరి సలహా చూసి మాత్రం ఆగాను. దోస్తులతో వెళ్లడం మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. గైడ్ వద్దన్నది తప్పు, దారీ వాతావరణమూ తెలిసినవాడు తోడుండాల్సిందే. కానీ మీరు రోజూ ఎలా నడుస్తారో, ఎలా మాట్లాడతారో గైడ్‌కు తెలియదు, దోస్తుకు తెలుసు. గలగలా మాట్లాడేవాడు ఉన్నట్టుండి మూగబోయినా, బూటు లేసు కట్టుకోవడానికి తడబడినా ముందు పట్టుకునేది అతనే. అనుమానం వస్తే ముందు కాలి మడమను వెనక కాలి బొటనవేలికి తాకిస్తూ గీత మీద నడవమనండి. తూలితే బేరాలు వద్దు, తెల్లారేదాకా ఆగడం వద్దు, ఒంటరిగా పంపడం అసలే వద్దు, తోడుగా వెంటనే కిందికి దింపండి. ఇంకెవరికైనా ఆ మెసేజ్ పంపాలనిపిస్తే, తలనొప్పి పాయింట్ చెరిపేసి ఈ నాలుగు ముక్కలు పెట్టి పంపండి.