యెస్ నుంచి యా దాకా: ఒక పాఠ్యప్రణాళిక

ఇంగ్లీషు పదసంపద పెంచుకోవడానికి రోజుకు పది మాటలు బట్టీ పట్టమనే పద్ధతిని తక్షణం రద్దు చేయాలని ఇందుమూలంగా డిమాండ్ చేస్తున్నాను. బట్టీ పట్టిన మాట గుర్తొచ్చేసరికి అవతలివాళ్లు టాపిక్ మార్చేసి ఉంటారు. పాటలో విన్న మాట అలా కాదు, వద్దన్నా వారం రోజులు తలలో తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి పాపులర్ సంగీత చరిత్రనే పాఠ్యపుస్తకం చేయాలి. దీనివల్ల భాషకు నష్టమేమో అని కంగారు పడేవారికి ఒక ఊరట. జరగాల్సిన నష్టం ఇప్పటికే జరిగిపోయింది.

మొదటి యూనిట్ తేలిక, వస్తువుల పేర్లు. నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలపు రికార్డులో ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాల సంగీతం మాత్రమే పట్టేది. పెద్ద కచేరీ అమ్మాలంటే నాలుగైదు రికార్డులు కలిపి, ఫొటోల ఆల్బమ్ లాంటి అట్టల పుస్తకంలో పెట్టి అమ్మేవారు. 1948లో కొలంబియా కంపెనీ ఎక్కువసేపు మోగే ఎల్‌పీ రికార్డు తెచ్చాక సరుకంతా ఒక్క పళ్లెంలో ఇమిడిపోయింది. పుస్తకం పోయింది, ఆల్బమ్ అన్న పేరు ఉండిపోయింది. ఇప్పుడు ఆ పళ్లెం కూడా చాలామందికి అక్కర్లేదు, పేరు మాత్రం కదల్లేదు. అలాగే రికార్డు మీది గాడిని గ్రూవ్ అంటారు. జాజ్ వాళ్ల నోట్లో పడి అది గ్రూవీ అయింది, 1960లలో కుర్రకారు బాగున్న ప్రతిదాన్నీ గ్రూవీ అనేసింది. ఈ రోజు ఎవరైనా ఆ మాట సీరియస్‌గా అంటే ఎదుటివాళ్లు వయసు లెక్కేస్తారు. పాటల్లో దొరికే మాటలకు ఎక్స్‌పైరీ తేదీ ఉంటుందని, అది ఎక్కడా రాసి ఉండదని విద్యార్థులను ముందే హెచ్చరించాలి.

రెండో యూనిట్ వ్యాకరణం. అసలు చదువు ఇక్కడే ఉంది.

1955లో ఫ్యాట్స్ డామినో 'ఎయింట్ దట్ ఎ షేమ్' అని పాడాడు. అదే పాటను మళ్లీ రికార్డు చేయడానికి ప్యాట్ బూన్ అనే తెల్ల కుర్రాడిని తెచ్చారు. అతను ఇంగ్లీషు శ్రద్ధగా చదువుకుంటున్న మనిషి. వ్యాకరణం ఒప్పుకోని 'ఎయింట్' అనడానికి నోరు రాలేదు. 'ఇజింట్' అని దిద్దుకుని పాడతానన్నాడు. రికార్డు కంపెనీ ఒప్పుకోలేదు. చేసేది లేక తప్పుతోనే పాడాడు, పాట అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికి ఎక్కింది. ఆ తప్పును ముందుగా, ఇంకా బాగా పాడిన నల్లజాతి గాయకుడి రికార్డు పాప్ చార్టులో అంత ఎత్తుకు పోలేదు. తప్పు ఒకటే, దాని రేటు మాత్రం పలికిన నోటిని బట్టి ఉంటుంది. ఈ సూత్రం ఏ వ్యాకరణ పుస్తకంలోనూ ఉండదు కాబట్టి దీన్ని తప్పనిసరి ప్రశ్నగా పెట్టాలి.

1963లో లివర్‌పూల్‌లో బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ, జాన్ లెనన్ కలిసి 'షి లవ్స్ యూ' పాట పూర్తిచేసి, పాల్ వాళ్ల నాన్నకు వినిపించారు. బాగుందిరా, కానీ ఈ అమెరికా మాటలు ఇప్పటికే ఎక్కువయ్యాయి, యా యా యా బదులు యెస్ యెస్ యెస్ అనకూడదా అన్నాడాయన. కొడుకు వినలేదు. ఆయన మీద నాకు అపారమైన గౌరవం. ప్రతి భాషలోనూ, ప్రతి తరగతి గదిలోనూ ఆయన ఒకరు ఉంటారు. ఆయన చెప్పేది ఎప్పుడూ సరైనదే, ఎప్పుడూ ఎవరికీ అక్కర్లేనిదే.

ఆ తర్వాత రెండేళ్లకు రోలింగ్ స్టోన్స్ బృందం వాళ్లు 'ఐ కాంట్ గెట్ నో సాటిస్‌ఫాక్షన్' అని ఒకే వాక్యంలో రెండు వ్యతిరేకాలు వాడి, తమకు తృప్తి లేదని ప్రపంచానికి మొరపెట్టుకున్నారు. పుస్తకం లెక్కన రెండు వ్యతిరేకాలు కొట్టేసుకుంటాయి కాబట్టి పాడిన మిక్ జాగర్ ఆనాడు పరమ సంతృప్తిగా ఉన్నట్టు. అలా అర్థం చేసుకున్న శ్రోత ఒక్కరూ లేరు. ఇదే వాక్యం ఉద్యోగం ఇంటర్వ్యూలో ఎవరైనా అంటే 'మేమే ఫోన్ చేస్తాం' అంటారు, చేయరు. అందుచేత ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు మెడలో గిటార్ వేసుకుని వెళ్లాలని సిలబస్‌లో స్పష్టంగా రాయాలి.

ఇంగ్లీషు సొంత భాష కానివాళ్లు నిరాశ పడక్కర్లేదు. స్వీడన్‌కు చెందిన మ్యాక్స్ మార్టిన్ రాయగా బ్రిట్నీ స్పియర్స్ 1998లో పాడిన పాటలో 'హిట్ మీ' అని ఉంది. స్వీడన్ వాళ్లు దాన్ని 'నాకు ఫోన్ చెయ్యి' అనే అర్థంలో వాడారని చెబుతారు. విన్నవాళ్లకు మాత్రం 'నన్ను కొట్టు' అని వినిపించింది. పాట పేరులో ఆ రెండు మాటలు లేవు, వాటి స్థానంలో మూడు చుక్కలున్నాయి. విద్యార్థి రాస్తే ఎర్ర సిరా, స్వీడన్ వాళ్లు రాస్తే మూడు చుక్కలు. పాట ఎన్నో దేశాల్లో నంబర్ వన్ అయింది కాబట్టి ఇక దిద్దే ధైర్యం ఎవరికుంది?

వినికిడి పరీక్షకు 'లూయీ లూయీ'ని మించిన పాట లేదు. 1963లో కింగ్స్‌మెన్ బృందం పాడిన ఈ పాటలో బూతులున్నాయని ఫిర్యాదులు వెళ్తే అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ రంగంలోకి దిగింది. రికార్డును రకరకాల వేగాల్లో తిప్పి తిప్పి విన్నారు. ఇంగ్లీషు ఉగ్గుపాలతో నేర్చినవాళ్లు, ప్రభుత్వ జీతం మీద, ప్రయోగశాలలో కూర్చుని విని, చివరికి మాటలు అర్థం కావడం లేదని తేల్చారు. నిజానికి అది ప్రియురాలి దగ్గరికి వెళ్లాలనుకునే నావికుడి పాట, రాసిన సాహిత్యంలో బూతు ముక్క కూడా లేదు. కనుక జవాబు పత్రంలో 'అర్థం కాలేదు' అని రాసిన విద్యార్థికి పూర్తి మార్కులివ్వాలి. ఏమిటేమిటో అర్థమైందన్న విద్యార్థి తల్లిదండ్రులను పిలిపించాలి.

మాట్లాడే పరీక్ష ఇంకా సులువు. 1972లో ఇటలీ గాయకుడు అడ్రియానో చెలెంటానో అచ్చం అమెరికా ఇంగ్లీషులా వినిపించే పాట ఒకటి విడుదల చేశాడు. అందులో 'ఆల్ రైట్' తప్ప మిగతాదంతా ఏ భాషా కాదు. జనం ఆదరించారు. పదసంపద దాదాపు సున్నా, ధీమా నూటికి నూరు. చాలా మీటింగుల్లో ఇదే పద్ధతి నడుస్తోందని గమనించినవారికి ఇది కొత్తేమీ కాదు.

పాటల్లో బేబీ, లవ్, టునైట్ తప్ప మాటలెక్కడున్నాయని కొందరు పండితులు అడ్డుపడతారు. వాళ్ల కోసం ఒక లెక్క ఉంది. 2014లో ఒకాయన ర్యాపర్ల పాటల్లోంచి మొదటి 35,000 మాటలు తీసుకుని, అందులో వేర్వేరు మాటలెన్నో లెక్కపెట్టాడు. ఈసప్ రాక్ అనే ర్యాపర్ షేక్‌స్పియర్‌ను దాటేశాడు. ఒకే మాట రెండు మూడు రూపాల్లో వస్తే విడివిడిగా లెక్కేశారన్న సంగతి మన కరపత్రంలో వేయనక్కర్లేదు.

ఇక పరీక్షల నిర్వహణ. 1950లలో తమ రికార్డు పదే పదే వేయించుకోవడానికి కంపెనీలు రేడియో డీజేల చేతిలో డబ్బు పెట్టేవి. దీనికి పేయోలా అని ముద్దుపేరు. రాక్ అండ్ రోల్ అన్న పేరును రేడియోలో ఊరూరా పాకించిన అలన్ ఫ్రీడ్ ఈ గొడవలోనే ఉద్యోగం పోగొట్టుకుని, 1962లో నేరం ఒప్పుకుని జరిమానా కట్టాడు. కాబట్టి ఏ విద్యార్థి అయినా పరీక్షకుడి చేతిలో కవరు పెడితే వెంటనే కేసు పెట్టకూడదు. అందులో ఎంతుందో చూసి, ఆ కవరును పేయోలా అని విద్యార్థి గుర్తుపట్టి చెప్పగలిగితే ప్రాక్టికల్స్‌లో 10కి 10 వేయాలి.