బట్ట మీది చారకు నేతగాడిని దోషిని చేయొద్దు

నగరి, పుత్తూరు ప్రాంతాల్లో మరమగ్గాల మీద నేసిన పాలిస్టర్ బట్టకు అద్దకం తర్వాత చారలు తేలితే, నింద ముందు నేతగాడి మీద, ఆ తర్వాత అద్దకందారు మీద పడుతుంది. అయితే ఆ చార చాలాసార్లు దారం మగ్గం ఎక్కకముందే, మిల్లులో దారానికి వేడి పట్టించినప్పుడే పుట్టి ఉంటుంది.

పాలిస్టర్ పోగులో అణువుల గొలుసులు కొన్నిచోట్ల వరుస తీరి స్ఫటికాలుగా, మిగతాచోట్ల చిక్కుపడి ఉంటాయి. రంగు దూరేది ఆ చిక్కులోకే. సుమారు 75 డిగ్రీల సెల్సియస్ దాటితే గొలుసులకు కదలిక వస్తుంది, 255 దాటితే స్ఫటికాలే కరిగిపోతాయి. ఈ రెంటి మధ్య ఎంత వేడి తగిలింది, పోగును బిగువుగా పట్టారా వదులుగా వదిలారా అన్నదాన్ని బట్టే దారం గుణం తేలుతుంది. బిగువుగా ఉంటే వరుస చెదరదు. వదులుగా ఉంటే గొలుసులు మడతపడి పోగు కుంచించుకుపోతుంది.

వేడి పెరిగితే స్ఫటికం పెరుగుతుంది, కాబట్టి రంగు తగ్గుతుందన్న లెక్క సగమే నిజం. సుమారు 160–180 డిగ్రీల వరకు రంగు పట్టడం తగ్గి, ఆపైన మళ్లీ పెరుగుతుంది. చిన్నాచితకా స్ఫటికాలు కరిగి, తక్కువ సంఖ్యలో పెద్దవి ఏర్పడటంతో వాటి నడుమ చోటు విశాలమవుతుంది. ఒకే డెనియర్ (దారం సన్నదనానికి కొలత) ఉన్న రెండు కోన్లలో (దారపు చుట్టల్లో) ఒకటి 170 దగ్గర, మరొకటి 210 దగ్గర వేడి చూసి ఉంటే, వాటి దారాన్ని పేకగా (అడ్డపోగుగా) వేసిన బట్ట తెల్లగా ఉన్నంతవరకు ఎంతటి అనుభవజ్ఞుడికీ తేడా దొరకదు. 130 డిగ్రీల అద్దకం ముగిశాకే లేత, ముదురు పట్టీలు బయటపడతాయి.

అద్దకంలో పొరపాటు జరిగినా రంగు తేడా వస్తుందన్న వాదన నిజమే. కానీ ఆ తేడా సాధారణంగా మరకలుగా వ్యాపిస్తుంది. కండె (పేక దారం చుట్టిన గొట్టం) మారిన పోగు దగ్గర గీత గీసినట్టు మొదలై, మళ్లీ కండె మారినచోట ఆగదు.

దీన్ని ముందే పసిగట్టే పరీక్ష ఖరీదైనదేమీ కాదు. చిక్కుపడిన పాలిస్టర్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.335 గ్రాములు, స్ఫటికానిది 1.455. అడుగున చిక్కగా, పైకి పోనుపోను పలచగా కాల్షియం నైట్రేట్ ద్రావణం నింపిన గాజు గొట్టంలో పోగు ముక్క వేస్తే, తన సాంద్రతకు సరిపడే మట్టం దగ్గర నిలిచిపోతుంది. రెండు కోన్ల ముక్కలు వేర్వేరు మట్టాల్లో నిలిస్తే వాటిని ఒకే బట్టలో కలపకూడదు.

తిరుపతిలో 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది. ప్రజాధనంతో నడిచే ప్రయోగశాలలు పక్కనున్న మగ్గానికి అక్కరకు రాకపోవడం అన్యాయం. ఈ రెండు సంస్థలూ కలిసి నగరిలో ఒక పరీక్షా కేంద్రం పెట్టాలి. దారం మిల్లులు కోను మీద డెనియర్ పక్కనే వేడి చూపిన ఉష్ణోగ్రతను, మరిగే నీటిలో దారం కుదించుకునే శాతాన్ని అచ్చు వేసేలా ప్రభుత్వం నిబంధన తేవాలి.