కిటికీకి సిలికాన్ పూస్తే మరమ్మతు అయిపోయినట్టేనా?

విశాఖలో సముద్రం వైపు కిటికీ ఉన్న ఇల్లు దొరికితే అదృష్టమనుకుంటాం. ఆ కిటికీ చుట్టూ గోడ నెమ్మెక్కినప్పుడు మాత్రం ఏటేటా ఒక సిలికాన్ ట్యూబు తెచ్చి, కనిపించిన సందులన్నీ పూసేసి, పని అయిపోయిందని చేతులు కడుక్కుంటాం. ఇందులో నాకు మినహాయింపు ఏమీ లేదు. ఆరేళ్లపాటు నేనూ అదే పని చేశాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను పెదవాల్తేరులోని మా ఇంటి కిటికీలను ఊడబెరికిన తరువాత అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు పెట్టించుకున్నాం. అప్పటి పనివాళ్లు కిటికీ నెత్తిన, ప్లాస్టరింగు అంచు కింద, జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు) పట్టీ ఒకటి బిగించారు. దీన్నే ఫ్లాషింగ్ అంటారు. గోడ మీదుగా దిగే నీరు చట్రం వెనక్కి పోకుండా పట్టుకుని బయటికి తోసే రేకు అన్నమాట. ఉప్పుగాలికి ముందు దాని జింకు పూత పోయింది, తరువాత లోపలి ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, ప్లాస్టరింగును పగలగొట్టింది, ఆ పగులులోంచి దిగిన నీరు గది లోపలి పుట్టీని పొరలు పొరలుగా రాల్చింది. మేము చూసినది రాలిన పుట్టీని, పూసినది బయటి సందుకు సిలికాన్‌ను. మధ్యలో పాడైపోయిన రేకు సంగతి ఎవరికీ పట్టలేదు.

సిలికాన్ పనికిరాదని నేననడం లేదు. కాని అల్యూమినియం ఎండకు సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. దుమ్ముపట్టిన ప్లాస్టరింగుకు సిలికాన్ సరిగా అంటదు. కనుక ఏదో ఒకచోట వెంట్రుకవాసి సందు పడక మానదు, ఈదురుగాలితో కొట్టే వానకు ఆ మాత్రం చాలు. ఇంకో ఘనకార్యం కూడా జరిగింది. చట్రం కింది పట్టాలో చేరిన నీరు పోవడానికి బయటివైపు చిన్న రంధ్రాలు ఉంటాయి. మా పెయింటరు వాటిని లోపమనుకుని ఎంతో శ్రద్ధగా మూసేశాడు. బయటికి దారిలేని నీరు పడకగదిలోకి కాక ఇంకెక్కడికి పోతుంది?

ఈ వేసవిలో రేకు మార్పించే ముందు గొట్టంతో నీళ్లు పట్టి చూశాం. మొదట కిటికీ అడుగున, తరువాత పక్కలకు, చివరికి నెత్తిన పట్టాలి. పైనుంచి మొదలుపెడితే అంతా తడిసి, ఎక్కడ కారుతోందో తెలియదు. ఆ తరువాత చట్రం చుట్టూ నాలుగంగుళాల మేర పాత ప్లాస్టరింగును పగలగొట్టి తీయించాం. పని వరుస పెంకులు నేసేవాళ్లకు కొత్త కాదు: కింది వరుస ముందు, దాని మీదకు పై వరుస. కిటికీకీ అంతే, అడుగున బయటికి వాలుగా ఒక రేకు, దాని మీదకు పక్క పట్టీలు, వాటన్నిటి మీదకు నెత్తి రేకు. అడుగు రేకు లోపలి అంచు పైకి మడిచి ఉండాలి, బయటి అంచు గోడకన్నా ముందుకు వచ్చి కిందికి వంగాలి, లేకపోతే నీరు గోడనే పట్టుకుని జారుతుంది. సజ్జ కింద గాడి తీసేది కూడా ఇందుకే, ఆ గాడిని పూడ్చి నున్నగా చేసే మేస్త్రీలను ఏమనాలో నాకు తెలియదు.

ఈసారి జీఐ వద్దన్నాను. పూత వేసిన అల్యూమినియం రేకు, ఉప్పుగాలిని బాగా తట్టుకునే 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడాం. పచ్చి సిమెంటు అల్యూమినియాన్ని తింటుంది కనుక రేకు వెనక తారు పూత వేయించాం. ఖర్చు ఎక్కువే, కాని హాలులో గ్రానైటుకు బేరమాడని మనం ఇక్కడే ఎందుకు గీచిగీచి చూస్తామో!

అంతా అయ్యాక మేస్త్రీ సిలికాన్ గన్ పట్టుకుని, "కింద సందు వదిలేస్తే చూపుకు బాగోదండి" అన్నాడు. నీరు బయటికి పోయే దారి అదేనని చెప్పి గన్ చేతిలోంచి తీసుకున్నాను. వచ్చే వారం పెయింటరు వస్తున్నాడు. ఆ రోజు సెలవు పెట్టి కిటికీ దగ్గరే కూర్చుంటాను.