పాలీఅమైడ్ గారూ, మా ఇల్లు మీకైనా దొరుకుతుందా?

డీఎన్ఏలో అడ్రసులు వెతికే అణువు, మహారాజశ్రీ హెయిర్‌పిన్ పాలీఅమైడ్ గారి సముఖానికి, విజయవాడ సత్యనారాయణపురం నుంచి డోర్ నంబరు ఉండీ లేనట్టున్న ఒక గృహస్థు రాయునది.

మొన్న మా అక్కయ్య గుంటూరు నుంచి గోంగూర పచ్చడి కొరియర్‌లో పంపింది. బెజవాడ రావడానికి ఒక్క పూట పట్టింది, చివరి రెండొందల గజాలకు రెండు రోజులు. రెండు గీతలు, ఒక బై, చివర ‘ఏ’తో సహా డోర్ నంబరంతా పార్సిల్ మీద ఉంది. కుర్రాడు అది చూస్తేగా! “సార్, రామాలయం దగ్గరున్నా, ఎటు రావాలి?” అన్నాడు. ఏ రామాలయం బాబూ అంటే, “మీరే బయటికొచ్చి నిలబడండి సార్” అని ఫోన్ పెట్టేశాడు. నిలబడ్డాను. అతను ఇంకో రామాలయం దగ్గర నిలబడ్డాడు.

ఆ మంట మీద ఉండగా, కెమిస్ట్రీ చదివే మా అబ్బాయి మీ సంగతి చెప్పాడు. ఏ, టీ, జీ, సీ అనే నాలుగే అక్షరాలతో రాసిన మనిషి డీఎన్ఏలో సుమారు 300 కోట్ల అక్షర జతలట; ఏకు టీ, జీకి సీ జోడు. మీరు ఎవరికీ ఫోన్ చెయ్యరు. డీఎన్ఏ మెలిక విప్పకుండానే, దాని పక్కనుండే చిన్న గాడిలో దూరి, తడిమి చదివేస్తారు. మీ రెండు చేతులకూ పైరోల్, ఇమిడజోల్ అనే ఉంగరాలు, అంటే ఉంగరంలా చుట్టుకున్న అణుభాగాలు. ఇమిడజోల్‌కు ఎదురు పైరోల్ ఉంటే అది జీ-సీ జత, తారుమారైతే సీ-జీ. ‘జీ’ దగ్గర గాడిలోకి ఒక అమైనో గుంపు పొడుచుకొస్తుంది. ఇమిడజోల్‌లోని నైట్రోజన్ దానితో హైడ్రోజన్ బంధం వేస్తుంది, పైరోల్‌కు అదే అడ్డం. కరెంటు పోయిన రాత్రి గొళ్ళెం తడిమి మా నాయనమ్మ ఇల్లు గుర్తుపట్టేది, అచ్చం అలాగే.

మీ పూర్వీకుడైన డిస్టామైసిన్ అనే అణువు, ఏ-టీలు మసిలే వీధుల్లో తప్ప కుదురుగా ఆగేవాడు కాడు. ఒకే గాడిలో అలాంటివాళ్ళు ఇద్దరు పక్కపక్కన ఇముడుతారని 1989లో తేలింది. అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త పీటర్ డెర్వన్ బృందం ఆ ఇద్దరినీ తలపిన్నులా కలిపి మీకు చదువు చెప్పింది.

అలాగని మిమ్మల్ని మరీ నెత్తికెత్తుకోను. ఎదురెదురుగా రెండు పైరోల్‌లు పడితే ఏ-టీకీ, టీ-ఏకీ ఒకేలా తల ఊపుతారు. 1998లో హైడ్రాక్సీపైరోల్ అనే కొత్త ఉంగరం తొడిగాక గానీ ఆ తేడా పట్టలేదు. పైగా ఆరక్షరాల అడ్రసుకు 4096 రకాలే, అంటే అదే వరుస లక్షల చోట్ల ఉంటుంది. మా పిన్‌కోడూ ఆరంకెలేగా! ఒక్క ఇల్లే కావాలంటే కనీసం 16 అక్షరాలు చదవాలి. చేరాక మీరు చేసే ఘనకార్యం కూడా చూశాం: గుమ్మంలో తిష్ఠ వేసి, జీన్ చదవడానికొచ్చే ప్రొటీన్‌ను లోపలికి రానివ్వకపోవడం.

పచ్చడి మూడో రోజు ‘బై బీ’ వాళ్ళింట్లో దొరికింది, సగం సీసా ఖాళీ. వాళ్ళది పైరోల్-పైరోల్ బాపతు, ఎవరి పచ్చడైనా ఒకటే.

జవాబు రాయదలిస్తే అడ్రసు: ఎత్తేసిన పాలబూత్ ఎదురు సందు, రామాలయం దాటాక. దొరక్కపోతే ఫోన్ చెయ్యండి, బయటికొచ్చి నిలబడతాను.