ఒంట్లో రక్తానికి ఒక్క జీవో కూడా లేదు

మన ఒంట్లో తరతరాలుగా సాగుతున్న ఒక అక్రమం మీద ఇంతవరకూ ఏ అసెంబ్లీలోనూ చర్చ జరగలేదు. ఎదిగిన మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఊరికే కూర్చున్నా గుండె నిమిషానికి ఇంచుమించు అంతా తోడిపోస్తుంది. ఇంత ఆస్తిని ఏ అవయవానికి ఎంత పంచాలో చెప్పడానికి ఒక ట్రిబ్యునల్ లేదు, బోర్డు లేదు, కనీసం ఒక జీవో లేదు. కృష్ణా నీళ్ల కోసం 1969లో ట్రిబ్యునల్ వేయించుకుని, ఇప్పటికీ ఓపిగ్గా వాదించుకుంటున్న మనకు ఇది మింగుడుపడే విషయమేనా?

గుండె పేరుకే పెద్ద. అది నీళ్లు తోడే మోటారు, అంతే. అసలు పంపకమంతా సన్న ధమనుల చేతిలో ఉంది. వాటి గోడల్లో కండరం ఉంటుంది. అది బిగిస్తే దారి ఇరుకవుతుంది, వదిలితే వెడల్పవుతుంది. కాలువ మీద తూము తిప్పే లస్కరు ఉద్యోగమన్నమాట. కానీ ఆ లస్కరు అధికారం చూడండి: దారి వెడల్పు సగానికి తగ్గిస్తే ప్రవాహం 16వ వంతుకు పడిపోతుంది. ప్వాజోయ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1840ల్లోనే ఈ లెక్క అచ్చువేశాడు. కింది స్థాయి ఉద్యోగికి ఇంత పవర్ ఇవ్వడం ఏ సర్వీసు రూల్సు ప్రకారమో తెలియదు.

పోనీ ఆ లస్కరు సిఫారసుకైనా లొంగుతాడా అంటే, అదీ లేదు. కండరం కష్టపడితే బొగ్గుపులుసు వాయువు, ఆమ్లం, అడినోసిన్ లాంటి చెత్త పోగవుతుంది. ఆ చెత్త తగలగానే పక్కనున్న తూము తెరుచుకుంటుంది. అంటే దరఖాస్తు, సంతకం, ఎమ్మెల్యే ఉత్తరం, అన్నీ ఆ చెత్తే! విశ్రాంతిలో కండరాలన్నిటికీ కలిపి ఐదో వంతు రక్తం వస్తుంది. ఒళ్లు వంచి పరుగెత్తితే ఎనభై శాతం దాకా వాటికే. ఆగితే మళ్లీ కోత. పనిచేసేవాడికే నీళ్లంటే, పనిచేయకపోయినా మనవాడైన వాడి గతేమిటి? ఈ ప్రశ్నకు శరీరశాస్త్రం దగ్గర జవాబు లేదు.

మూత్రపిండాల వ్యవహారం ఇంకా అనుమానాస్పదం. రెండూ కలిపి తూస్తే పావుకిలో, మహా అయితే మూడు వందల గ్రాములు. లాగుతున్నది మాత్రం మొత్తం రక్తంలో ఐదో వంతు, నిమిషానికి లీటరు పైమాటే. విజిలెన్స్ విచారణ కోరాల్సిన కేసే. తీరా చూస్తే వడకట్టి దాదాపు అంతా తిరిగి పంపేస్తున్నాయి. తీసుకున్నది తిరిగిచ్చే శాఖను నేనెక్కడా చూడలేదు కాబట్టి నా అనుమానం రెట్టింపయింది.

మెదడుకైతే వీఐపీ కోటా. బరువులో రెండు శాతం, రక్తంలో పదిహేను శాతం. మీరు లెక్కలు చేస్తున్నా, టీవీలో డిబేట్ చూస్తున్నా ఆ మొత్తంలో పెద్ద తేడా ఉండదు. రెండోదానికీ అంతే రక్తం ఇవ్వడం వృథా ఖర్చని నా మనవి.

ఇక సిరలు. మొత్తం రక్తంలో అరవై శాతానికి పైగా ఎప్పుడూ వీటిలోనే ఉంటుంది. ఇది దాచిన సొమ్మేమో అనుకుంటాం గానీ, గాయమై రక్తం కారితే నరాల ఆజ్ఞతో సిరలు బిగుసుకుని ఆ నిల్వను గుండెకు తోసేస్తాయి. ఈ రక్తమంతా తిరిగి తిరిగి వచ్చేదేనని 1628లో విలియం హార్వే అనే ఇంగ్లీషు వైద్యుడు లెక్కలు వేసి చెప్పేదాకా, కాలేయం కొత్తగా చేస్తుంటే అవయవాలు తాగేస్తున్నాయని వైద్యులు నమ్మారు. ధమని చివర నుంచి సిరలోకి దారి ఎక్కడుందో హార్వేకీ కనపడలేదు. ఆయన పోయిన నాలుగేళ్లకు, 1661లో, మాల్పీగీ అనే ఇటలీ వైద్యుడు కప్ప ఊపిరితిత్తిలో ఆ దారులను, అంటే వెంట్రుకకన్నా సన్నని కేశనాళికలను, చూశాడు. టెయిల్ ఎండ్ దాకా నీళ్లు పారుతున్నాయని రుజువు కాగితం దొరికింది అప్పుడే.

ఈ వ్యవస్థకు అసలు పరీక్ష ఆగస్టు 15న, బడి గ్రౌండులో. మనం నిలబడగానే అర లీటరు దాకా రక్తం కిందికి దిగుతుంది. మెడ ధమనుల్లోని నరాలు క్షణాల్లో కనిపెట్టి గుండెను తొందరపెడతాయి, నాళాలను బిగిస్తాయి. కిందికి జారకుండా సిరల్లో కవాటాలున్నాయి, పైకి తోయడానికి పిక్క కండరముంది. అయితే పిక్క కదలాలి. అటెన్షన్‌లో ఉన్న ఎనిమిదో తరగతి పిల్లాడి పిక్క కదలకూడదని పీఈటీ సారు ఆజ్ఞ. ఎండ మండుతోంది, ముఖ్య అతిథి ఇంకా 1857 దగ్గరే ఉన్నారు. పిల్లాడి ముఖం పాలిపోతుంది, పెదాల మీద చెమట పడుతుంది, కుప్పకూలుతాడు. నిజానికి ఆ పడటమే వైద్యం: తల గుండె ఎత్తుకు రాగానే మెదడుకు రక్తం అందుతుంది. అలాగే పడుకోబెట్టి కాళ్లు పైకెత్తి పట్టుకుంటే చాలు. మనవాళ్లు మాత్రం నలుగురు చేరి, రెక్కలు పట్టి లేపి, తెచ్చిన కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, ముఖాన నీళ్లు కొడతారు. పొద్దున టిఫిన్ తినకుండా వచ్చాడట అని మైకులో ప్రకటన వస్తుంది. ఆ వెంటనే అతిథిగారు ఉప్పు సత్యాగ్రహంలోకి ప్రవేశిస్తారు.