అయిదు చిల్లుల కాగితం గారికి

మహారాజశ్రీ ఫ్యాక్టరీ టెస్ట్ టార్గెట్ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం. తమరు కూడా ప్లాస్టిక్ కవర్లో, ఒంటినిండా పసుపు తిరిగి, ఒక మూల పాత టేపు మరకతో క్షేమంగా ఉన్నారని శనివారం నాడు కళ్ళారా చూశాను.

ఫ్యాక్టరీలో రైఫిల్‌ని కాల్చి చూసి, ఆ చిల్లుల కాగితాన్ని దానితో పాటే పంపుతారు, ఆ కాగితమే కదా తమరు. తమరి దర్శనం కోసమే కదా నా శనివారం తగలబడింది! ప్రకటనలో ఏమని ఉంది? "పాత ఫ్యాక్టరీ బెంచ్‌రెస్ట్ రైఫిల్, 222 చాంబర్, పెద్దగా కాల్చలేదు, ఒరిజినల్ టెస్ట్ టార్గెట్ సహా." బెంచ్‌రెస్ట్ అంటే రైఫిల్‌ని బల్ల మీద ఆనించి, చిల్లులన్నీ ఒకేచోట పడేలా కాల్చే పోటీ. 222 అంటే అది కాల్చే తూటా పేరు. ఆ చివరి ముక్క కోసమే ధరలో మూడు వందల డాలర్లు ఎక్కువ. టెక్సాస్‌లో "ఇక్కడికి దగ్గరే" అంటే ఎంత దూరమో ఇక్కడున్న మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. వెళ్ళాను. అమ్మే పెద్దాయన రైఫిల్ కేసు తెరవకముందే తమరిని తెచ్చి బల్ల మీద ఆసీనుల్ని చేశారు. "చూడు, ఒకటే చిల్లు" అన్నారు. వంగి చూస్తే మూడు కలిసి ఉన్నాయి, రెండు ఎడంగా ఉన్నాయి. పెద్దవారు, ఎదురు చెప్పడం ఎందుకని ఊరుకున్నాను.

తరవాత బోర్‌స్కోపు పెట్టాను.

తమరికి ఆ యంత్రం పరిచయం ఉండకపోవచ్చు. తమరి రోజుల్లో బారెల్ వెనక నుంచి వెలుతురు చూసి "మెరుస్తోంది" అనేవారు. ఇప్పుడు వంద డాలర్లలోపే సన్నని కెమెరా దొరుకుతోంది. ఫోన్‌కి తగిలించి లోపలికి పంపితే చాంబర్ దాటగానే, బుల్లెట్ గాడుల్లోకి దిగే చోట (దాన్నే గొంతు అంటారు), అంతా నెర్రెలు. గాడుల అంచులు కరిగి గుండ్రంగా అయిపోయాయి. మూతి దగ్గర ఒకవైపు గాడులు ఇంకోవైపు కన్నా అరిగి ఉన్నాయి, గైడు లేకుండా శుభ్రం చేసే కడ్డీని ఏళ్ళతరబడి ఈడ్చినవాళ్ళ చేతి ముద్ర అది. 222 అసలే సాధు తూటా, బారెల్‌ని కాల్చేసే రకం కాదు. ఆ బారెల్ గొంతు ఇలా నెర్రెలివ్వాలంటే వేలకి వేలు కాల్చి ఉండాలి. "పెద్దగా కాల్చలేదు" అన్నమాటకి పెద్దాయన భాషలో అర్థం "నేను పెద్దగా లెక్కపెట్టలేదు" అని.

రైఫిల్ ఏ కంపెనీదో చెప్పను. అది చేసినవాళ్ళ తప్పేమీ లేదు. తప్పంతా తమరిదే.

తమరు సాక్ష్యం చెబుతున్న ఆ ఉక్కు ఎప్పుడో పొడిపొడిగా మూతిలోంచి బయటికి పోయింది మహాశయా. తమరి మీద అయిదు చిల్లులు పొడిచిన నాటి గొంతు ఇప్పుడు లేదు. ఆ తుపాకి మందు డబ్బా లేదు, ఆ బుల్లెట్ల లాట్ (ఒకే విడతలో తయారైనవి) లేదు. తమరి మీద సీరియల్ నంబరుంది, ఎవరిదో పొడి సంతకముంది. తేదీ లేదు, మందు లేదు, బుల్లెట్ బరువు లేదు, ఎంత దూరమో కూడా లేదు! "వంద గజాలే అయ్యుంటుందిలే" అన్నారు పెద్దాయన. అరవై ఏళ్ళాయన ఉద్యోగానికి వెళ్తూ పదో తరగతి మార్కుల జాబితా చూపించినట్టుంది తమరి వ్యవహారం. పైగా ఆ జాబితాలో స్కూలు పేరు లేదు, ఏ సంవత్సరమో లేదు, లెక్కల్లో తొంభై అని మాత్రం ఉంది.

పోనీ, ఆ తొంభై నిజమే అనుకుందాం. ఒక్క గ్రూపు, అంటే ఒకే గురికి వరసగా కాల్చిన చిల్లుల గుంపు, చూసి ఎవరైనా ఏం తేలుస్తారు? ఈ ఆటే తమరిని నమ్మదు. అమెరికాలో నేషనల్ బెంచ్ రెస్ట్ షూటర్స్ అసోసియేషన్ పెట్టింది 1951లో. ఇసుక సంచుల మీద రైఫిల్ పెట్టి అయిదు గుళ్ళ చొప్పున అయిదు గ్రూపులు కాల్చి, ప్రతిదాన్నీ చిల్లు మధ్య నుంచి చిల్లు మధ్యకి కొలిచి, సగటు తీస్తే గానీ గ్రూపు పోటీల్లో మామూలుగా ఎవరూ ఎవరినీ విజేత అనరు. 1973లో మ్యాక్ మెక్‌మిలన్ వంద గజాల దగ్గర 0.009 అంగుళం గ్రూపు కాల్చాడు. అది దాదాపు నలభై ఏళ్ళు రికార్డుగా నిలిచింది. అంతటి గ్రూపు కాల్చిన మనిషి కూడా పక్క గ్రూపుకి మళ్ళీ మామూలుగా గాలి జెండాల వైపు చూడాల్సిందే. మరి తమరు ఒకే గ్రూపు, ఒకే మధ్యాహ్నం, గాలి తగలని సొరంగంలో కాల్చిందో ఏమో, దాన్ని పట్టుకుని యాభై ఏళ్ళుగా ఊరేగుతున్నారు.

తమరి మనవడి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వాడు కాగితం కాదు, ఫోన్‌లో ఫోటో. కస్టమ్ రైఫిల్ అమ్మే ప్రతివాడి దగ్గరా ఉంటాడు. మూడు గుళ్ళు, పక్కన ఒక నాణెం, కింద "రోజంతా క్వార్టర్ మినిట్" అని రాత, అంటే వంద గజాల దగ్గర సుమారు పావు అంగుళం గ్రూపు అని. రోజంతా అంటే ఆ మూడు గుళ్ళు కాల్చినంతసేపు. అదే రైఫిల్‌తో అయిదు గుళ్ళు కాలిస్తే గ్రూపు సగటున పాతిక శాతం పైగా పెద్దదవుతుంది. ఇందులో రైఫిల్ తప్పేమీ లేదు, ఉత్త లెక్క. అందుకే నాలుగో గుండు ఫోటో ఎక్కడా కనపడదు. మనవడు తాతని మించిపోయాడు, తమరు కనీసం అయిదు కాల్పించారు.

కస్టమ్ కట్టేవాళ్ళ మీద నాకున్న మిగతా కోపాలు ఈ ఉత్తరంలో పట్టవు. అడ్వాన్స్ తీసుకునేటప్పుడు ఫోన్ మొదటి రింగుకే ఎత్తడం, ఆ తరవాత బారెల్ రాలేదు, స్టాక్‌కి (రైఫిల్ దిమ్మకి) రంగు ఆరలేదు అనడం మాత్రం నోట్ చేసుకోండి. ఆ రంగులు కూడా! వరలక్ష్మీ వ్రతం పందిరికి వేసినట్టు ఊదా, బంగారు మెరుపులు దేనికో.

అసలు బాధ ఏమిటంటే, తమరు అడ్డం లేకపోతే ఆ పాత రైఫిల్ గురించి మంచి మాటలే చెప్పేవాణ్ణి. ఫ్యాక్టరీ బెంచ్‌రెస్ట్ రైఫిల్ అంటే ఆషామాషీ వస్తువు కాదు. మైక్ వాకర్ అని రెమింగ్టన్‌లో ఒక ఇంజనీర్ ఉండేవాడు. వారమంతా ఫ్యాక్టరీలో, సెలవు దొరికితే పోటీలో బెంచ్ దగ్గర. 1950లో వచ్చిన 222 రెమింగ్టన్ తూటా ఆయన మెదడులోంచి పుట్టిందే. 1975లో పాల్మిసానో, పిండెల్ అనే ఇద్దరు కలిసి పాత 220 రష్యన్ తూటా డొల్లని మార్చి 6 పీపీసీ అనే కొత్త తూటా తెచ్చేదాకా బెంచ్ మీద దానిదే రాజ్యం. అదే కంపెనీ 40-ఎక్స్ రైఫిళ్ళు చూడండి. బెంచ్‌రెస్ట్ రకానికి మ్యాగజీన్ కోసం కింద కోత లేదు, రిసీవర్ అడుగు గట్టిగా మూసి ఉంటుంది, ఒక్కో గుండూ చేత్తో పెట్టుకోవడమే. కావాలంటే రెండు ఔన్సుల ట్రిగ్గర్ కూడా దొరికేది. ఇప్పుడు కస్టమ్ యాక్షన్లు (బోల్టు, రిసీవర్ ఉండే భాగం) చేసేవాళ్ళలో చాలామంది ఆ కంపెనీ మోడల్ 700 రైఫిల్ కొలతలే ఉంచుకుంటారు, దానికి పట్టే ట్రిగ్గర్లే పెట్టుకుంటారు. తాతల కొలతలకి బట్టలు కుట్టించుకుని తాతల్ని వెక్కిరించడం! న్యూయార్క్ రాష్ట్రం ఇలియన్‌లో ఉన్న ఆ రెమింగ్టన్ ఫ్యాక్టరీ 2024లో మూతపడింది. నా దగ్గరున్న కస్టమ్ యాక్షన్‌లో ట్రిగ్గర్ పిన్నుల చిల్లులు మాత్రం ఇంకా అక్కడి కొలతే.

అయితే పాతదానికి పొగడ్త ఎంతవరకో అంతవరకే. పెద్దాయన రైఫిల్‌కి వాల్‌నట్ స్టాక్. డాలర్ నోటు మడిచి బారెల్ కిందికి తోస్తే సగం దూరం వెళ్ళి ఎడమవైపు ఆగిపోయింది. ఏళ్ళ తేమకి చెక్క వంగి బారెల్‌ని ఆనుకుంది. ఈ నోటు పరీక్షలో తేలిన సంగతి తమరిని వంద సార్లు చూసినా తెలియదు. బారెల్ తిరుగుడు 14 అంగుళాలకి ఒక చుట్టు, కాబట్టి యాభై గ్రెయిన్ల ప్రాంతంలో ఉండే పొట్టి బుల్లెట్లకే పనికొస్తుంది, ఇప్పటి పొడవాటివి పెడితే కాగితాన్ని అడ్డంగా చింపుకుంటూ పోతాయి. పోటీల్లో బరువుని బట్టి తరగతులుంటాయి. స్కోపుతో కలిపి తూకం వేస్తే 10.5 పౌండ్ల లైట్ వార్మింట్ తరగతిలో పట్టదు, 13.5 పౌండ్ల హెవీలో ఆడుకోవాలి. ఇవన్నీ ఓపిగ్గా చూడాల్సిన సంగతులు. వీటిల్లో ఒక్కటీ పెద్దాయన నోట రాలేదు. ఎందుకు వస్తుంది? బల్ల మీద నువ్వున్నావుగా!

అవును, నువ్వే. ఇంక "తమరు" నా వల్ల కాదు. రైఫిల్ చూడటానికి వచ్చినవాడి చేత రైఫిల్ చూడనివ్వకుండా చేసేది నువ్వు. బోల్టు తీయమంటే "టార్గెట్ చూశావుగా". ట్రిగ్గర్ ఒకసారి నొక్కి చూస్తానంటే "టార్గెట్ చూశావుగా". ఎన్ని గుళ్ళు కాల్చారండీ అంటే "టార్గెట్ చూశావుగా". ఒక పక్క ఎండ నలభై డిగ్రీలు, గరాజ్‌లో ఫ్యాను లేదు, నేను ఫోన్‌లో నెర్రెలు చూపిస్తుంటే ఆయన నిన్ను నా ముఖానికి అడ్డం పెట్టి "మరి ఇదెలా వచ్చింది?" అంటాడు. ఎలా వచ్చిందా? అప్పటి కొత్త బారెల్, అప్పటి మందు, అప్పటి కాల్చినవాడు. ఆ ముగ్గురిలో ఒక్కడూ ఈ బేరంలో లేడు, ఉన్నది ఒక్క నువ్వే. నీకేమో అరుగుదల లేదు, తుప్పు లేదు, వేడి లేదు. రైఫిల్‌లో అన్నిటికన్నా తక్కువ పనిచేసింది నువ్వు, అన్నిటికన్నా ఎక్కువ ధర పలికేదీ నువ్వే!

హైదరాబాద్‌లో 50 మీటర్ల రైఫిల్ ఆడే మా అక్క కొడుకు ఉన్నాడు. వాడిది జర్మన్ ఫ్యాక్టరీ రైఫిలే, కస్టమ్ కాదు. ఈ గొడవంతా చెబితే, "మామయ్యా, తూటా లాట్ మారిస్తేనే మాకు గ్రూపు మారిపోతుంది, ఆ కాగితం మీద లాట్ నంబర్ ఉందా?" అని అడిగాడు. ఇంటర్ చదివే పిల్లాడికి తట్టిన ప్రశ్న అది. నీకు సిగ్గు లేదు.

సరే, కోపం పక్కన పెట్టి లెక్క వేశాను. ఆ రైఫిల్ ధర, కొత్త బారెల్ బ్లాంక్ (చాంబర్ ఇంకా తొలవని బారెల్), దాన్ని చాంబర్ చేసి బిగించే కూలి, యాక్షన్ ముఖం సరిచేయడం, బెడ్డింగ్ (యాక్షన్‌ని స్టాక్‌లో కదలకుండా కూర్చోబెట్టడం), కొత్త స్టాక్. అన్నీ కూడితే ఎవరో పోటీదారు వాడి అమ్మేస్తున్న 6 పీపీసీ కస్టమ్ రైఫిల్ ధరకి దగ్గర దగ్గరగా వస్తోంది. గెలవాలనుకునేవాడు ఆ సెకండ్ హ్యాండ్ కస్టమ్ కొనుక్కుని, బారెల్ వెయ్యి గుళ్ళు దాటిందని తెలిస్తే కొత్తదాని ఖర్చు ధరలోంచి తగ్గించి బేరమాడాలి. కొత్తగా కట్టించుకోవాలంటే ఓపిక కూడా కట్టించుకోవాలి. పాత ఫ్యాక్టరీది కొనేవాడు యాక్షన్‌కీ ట్రిగ్గర్‌కీ డబ్బిచ్చి, బారెల్‌ని సున్నా కింద లెక్కగట్టాలి. నిన్ను సున్నా కన్నా కిందికి.

అయినా చెప్పొద్దూ, ఆ బోల్టు తెరిచి మూస్తుంటే మనసు ఒప్పుకోలేదు వదలడానికి. కొత్తవాటిలా గాజు మీద జారినట్టు ఉండదు. కొంచెం గరుకు, ఆఖర్న ఒక గట్టి ముద్ద చప్పుడు, అంతే, మూసుకుందంటే మూసుకున్నట్టే. ట్రిగ్గర్ ఇంకా అంత మెత్తగానే తెగుతోంది. అందుకని నిన్న రాత్రి పెద్దాయనకి మెసేజ్ పెట్టాను: "కాగితం మీరే ఉంచుకోండి, రైఫిల్ మాత్రం మూడు వందలు తగ్గించి ఇవ్వండి."

జవాబు పొద్దున్నే వచ్చింది. కాగితం విడిగా అమ్మరట. కావాలంటే రైఫిల్ లేకుండా కాగితం ఒక్కటీ నాలుగు వందలకి ఇస్తారట.

ఇట్లు,
బల్ల మీద నిన్ను చూసి, కేసులో రైఫిల్ చూడ్డానికి గంట ఆగినవాడు.